నాలుగంగుళాలు

ఆటో సీట్లు కుట్టినా, ట్రాక్టరు సీట్లు కుట్టినా,
జమ్మలమడుగు డిపో వెనక
లారీ క్లీనర్లు పండుకునే బల్లలకు రెక్సిన్ తొడిగినా.
నీళ్ళ మీద తిరిగేదానికి మాత్రం
ఇదే మొదలు.

"హుసేనక్కా, మైలవరం డ్యాం కాడికి రావాల,
పడవ సీట్లు రెండూ పోయినాయి" అని
సంజన్న ఫోను చేస్తే నవ్వొచ్చింది.
పెన్నలో నీళ్ళే అరుదు,
పడవకు సీట్లంట.

రంగు మీద రంగు, దాని మీద పేరు,
పేరు మీద ఇంకో పేరు.
ఇంజను మీది పట్ట తీస్తే
డీజిలు వాసన, చేపల వాసన,
నడాన ఎవరో ఒలిచిన చెనిక్కాయల వాసన.

సీటు ఎవరిదో ఒకరు చెప్పాల్సిన పనిలేదు నాకు.
విప్పి ఒళ్ళో పెట్టుకుంటే అదే చెబుతుంది.
ఎడమ పక్క స్పాంజి రొట్టెలా అణిగిపోయింది,
కుడి పక్క ఇంకా కొత్తదే.
పన్నెండేండ్లు ఈ మనిషి
ఒక తొడ మీదే కూచున్నాడు.
"ఏం సంజన్నా, ఓరగా కూచుంటావా?"
"ముందర కనపడదక్కా. వంగి చూస్తా."
సీటు మీద మడిచిన గోనెపట్ట,
దాని కింద ఇంకొకటి.
పొట్టోణ్ణని ఏ ఆఫీసరుకూ చెప్పుకోలేదు.

రెండో సీటులో మనిషి జాడే లేదు,
లైఫ్ జాకెట్లు కుప్పేసిన గుంత తప్ప.
లోపల ఒక గాలం ముల్లు, రెండు రూపాయల బిళ్ళ,
పసిబిడ్డ కాలి మువ్వ ఒకటి.
మువ్వను సంజన్న అరచేతిలో కాసేపు దొర్లించి
జేబులో వేసుకున్నాడు.
ఎవరిదని నేనడగలేదు.

బోల్టులు తిరగవు.
తిరిగినవి రావు.
వచ్చినవి కింది చెక్కను కూడా లాక్కొచ్చినాయి.
ఉగ్గానికి నానేసిన బొరుగుల్లాగా
ప్లైవుడ్డు వేళ్ళకే ఊడొచ్చింది.
పైన ఎంత మంచి సీటు పెట్టి ఏం లాభం,
కింద పట్టేది లేకుంటే?
ఈ మాట నేను సీట్లకే చెబుతా,
మనుషులకు చెప్పను.

చెడినంత మేరా కోసి పారేసినా.
కొత్త చెక్క అంచులకు రెజిన్ తాపి, అడుగున
దస్తగిరి కోసిచ్చిన స్టీలు పలక పరిచినా.
ఒక్కో బెజ్జంలో సిలికాను పిండి
ప్రొద్దుటూరులో కొన్న తుప్పెక్కని బోల్టులు
ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెం బిగించినా.
ఒకే పక్క బిగిస్తే సీటు అలుగుతుంది.

మా జేజబ్బ దూది ఏకేవాడు.
"పరుపు మెత్తగా ఉంటే చాలదు పాపా,
నువ్వు లేసినాక అది కూడా లేయాల" అనేవాడు.
నీళ్ళకు దూది పనికిరాదు.
గట్టి స్పాంజి కోసి పెట్టినా, మాట మాత్రం ఆయనదే.

పీఠం పైపు కోయించేటప్పుడు
ఎవరికీ చెప్పకుండా నాలుగంగుళాలు పెంచినా.

సంజన్న ఎక్కి కూచున్నాడు.
అలవాటుగా ఎడమకు వంగినాడు.
వంగి, ఆగి, నిదానంగా నిటారైనాడు.
పడవ మూతి దాటి, నీళ్ళు దాటి చూసినాడు.
"ఆ బండకు కుడి పక్క కూడా ఉండాదే!"
అన్నాడు, బండను తిట్టినట్టు.

అప్పుడు చూసుకున్నా,
కాళ్ళు కింద ఆనడం లేదు.
బడికి కొత్తగా వచ్చిన పిల్లోడిలా
గాల్లో ఊగుతాండాయి.
ఇద్దరం నవ్వలేదు. కొంచెంసేపు.
తర్వాత ఆయనే
ఆ గోనెపట్టలు రెండూ ఇంకో మడతేసి
పాదాల కింద పెట్టుకున్నాడు.

ఒక చుట్టు తిప్పుతా రమ్మన్నాడు.
ఎవరూ కూచోని రెండో సీటులో కూచున్నా.
కొండలు బాగున్నాయంట, కొంగలు దిగినాయంట,
సంజన్న చూపిస్తానే ఉన్నాడు.
నేను చూడలేదు.
బోల్టు ఏదైనా కిర్రుమంటుందేమోనని
చెవి కింద పెట్టి వింటానే ఉన్నా.
ఇంజను అదురు సీటులోంచి నడుములోకి ఎక్కి
మా జేజబ్బ విల్లు మాదిరి
తుంయ్‌మంటాంది.

బిల్లు పై నెలంట.